నిమ్మకాయంత చింతపండు



"నిన్న ఏం వండారు?" అని అడిగేవాళ్ళు మా తార్నాకలో రెండు రకాలు. మొదటి రకం ఇరుగుపొరుగు. వాళ్ళకి ఆ ప్రశ్న అడగడానికి కారణం అక్కర్లేదు. మెట్లమీద ఎదురుపడ్డా అడుగుతారు, పాలప్యాకెట్ కోసం గేటు దగ్గరికి వచ్చినా అడుగుతారు. రెండో రకం వాళ్ళు జీతం తీసుకుని అడుగుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకునే ఉంది జాతీయ పోషకాహార సంస్థ. 1972లో ఆ సంస్థలో పోషకాహార పర్యవేక్షణకని ఒక విభాగం పెట్టారు. దాని మనుషులు పల్లెలకి వెళ్ళి, ఇల్లాలి ముందు కొలత గిన్నెలు పరిచి, "అమ్మా, నిన్నంతా ఏమేం వండావు, ఎవరికి ఎంత పెట్టావు" అని అడిగి రాసుకునేవారు. శాస్త్రంలో దీన్ని ఇరవై నాలుగు గంటల జ్ఞాపకం అంటారు. మా గేటు దగ్గర కబుర్లు అంటారు.

ఈ రెండు రకాల మనుషుల మధ్యా నలభై ఏళ్ళకి దగ్గరగా వంట చేస్తున్నాను. అందులో నాకు తెలిసివచ్చిందేమిటంటే, ఏం వండారో చెప్పడానికి ఎవరూ వెనకాడరు. ఎంత వేశారని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు.

మాది తెనాలి దగ్గర పల్లె. 1986లో ఇక్కడికి వచ్చాం. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా గేటు. ఒకప్పుడు ఇక్కడ మామిడితోటలుండేవనీ, వాటి తీగకంచెకి ఒక నాకా ఉండేదనీ, ఆ పేరే నిలిచిపోయిందనీ పాతవాళ్ళు చెప్పేవారు. మేం వచ్చేనాటికి తోటా లేదు, కంచే లేదు. వీధులకి పేర్లు కూడా లేవు, నంబర్లే. పేర్లులేని వీధుల్లో ఇళ్ళు గుర్తుపట్టడానికి నాకు దొరికిన ఆనవాలు తాలింపు వాసన. ఈ ఇంట్లోంచి ఇంగువ, ఆ ఇంట్లోంచి వెల్లుల్లి, మూలమీద ఇంట్లోంచి ఆవనూనె. ఆ ఆవనూనె ఘాటుకి మొదట్లో నేను కొంగు అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని. తర్వాత ఆ బెంగాలీ ఆవిడే నాకు వంకాయ కాల్చడంలో కొత్త పద్ధతి నేర్పింది. అదింకో కథ.

ఇన్ని వాసనలు ఒకచోటికి చేరడానికి కారణం ఈ చుట్టుపక్కల ఉన్న సంస్థలు. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం ఒకవైపు. 1944లో మొదలైన రసాయన ప్రయోగశాల, ఇవాళ ఐఐసీటీ అంటున్నాం, ఇంకోవైపు. అక్కణ్ణించి ఉప్పల్ వైపు పోతే జీవకణాల పరిశోధన చేసే సీసీఎంబీ, ఇంకా భూభౌతిక పరిశోధన సంస్థ. ఇటు లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు, మధ్యలో ఆర్టీసీ ఆసుపత్రి. వీటిల్లో పనిచేసేవాళ్ళు ఎక్కడెక్కడినించో వస్తారు, వచ్చేటప్పుడు పెట్టె అడుగున కొంచెం ఊరి సరుకు తెచ్చుకుంటారు. మా పక్కవాటాలో వరంగల్ అక్క. పైవాటాలో కేరళవాళ్ళు. ఎదురింట్లో ఆపా, పాతబస్తీ ఆడపడుచు. వెనకవీధిలో శ్రీకాకుళం మాస్టారి కుటుంబం. కొన్నాళ్ళు కింద వాటాలో అనంతపురం అమ్మాయి ఉండేది, పరిశోధన విద్యార్థిని.

మొదటి చిక్కు పేర్లతోనే వచ్చింది. నేను సొరకాయ అంటే మాస్టారి భార్య ఆనపకాయ అనేది, వరంగల్ అక్క ఆనిగెపుకాయ అనేది. నా గోంగూర అక్క నోట్లో పుంటికూర. నా ఉల్లిపాయ అనంతపురం అమ్మాయికి ఎర్రగడ్డ. ఒకరోజు మావారిని కంద తెమ్మన్నాను, కందా బచ్చలీ కలిపి కూర చేద్దామని. సంచీ నిండా చిలగడదుంపలు తెచ్చారు. "కందగడ్డ అంటే ఇవే ఇచ్చాడు" అన్నారు. తప్పు బండి అతనిది కాదు, అతని ఊళ్ళో కందగడ్డ అంటే అదే. బచ్చలికూర అప్పటికే కోసేశాను. తియ్యటి దుంపలో ఆవ పెట్టి, చింతపండు పులుసు పోసి ఆ పూట గడిపాం. మాస్టారి భార్యకి రుచి చూపిస్తే, "ఇది మా వైపు కూరేనండీ, బెల్లం మటుకు మీరు వెయ్యక్కర్లేకుండా పోయింది" అంది.

తాలింపుకే చూడండి. మేం తాలింపు అంటాం, మాస్టారింట్లో పోపు, అనంతపురం అమ్మాయికి తిరగవాత, ఆపాకి బగార్. బగారన్నం, బగారా బైంగన్ అని పెళ్ళిళ్ళలో తినేవాళ్ళలో చాలామందికి ఆ బగారా మన తాలింపేనని తట్టదు. నాకూ ఆపా చెప్పేదాకా తట్టలేదు.

మా అసలు సభ జరిగేది పొద్దున నడకలో. అయిదున్నరకి క్యాంపస్‌లోకి వెళ్తాం, ఆర్ట్స్ కాలేజీ దాకా నడుస్తాం. 1939లో తెరిచిన ఆ గులాబిరాతి భవనం ఎదురుగా గట్టుమీద కూర్చుంటాం. ఎనిమిదిమందిమి. నడక ముప్పావుగంట, కూర్చోవడం గంట. డాక్టరు చెప్పింది తారుమారయిందని ఇళ్ళల్లో మగవాళ్ళ ఎకసెక్కాలు. ఆ గంటలో రాజకీయం రాదు, కోడళ్ళ ఊసు అరగంట దాటాకగానీ రాదు. కూరతో మొదలవుతుంది. "ఏం కూర అక్కా ఇయ్యాల?"

వింటూ వింటూ ఒకటి గమనించాను. వంటకం మార్చుకోవడానికి ఎవరూ మొరాయించరు. వరంగల్ అక్క ఇడ్లీ సాంబారు చేస్తుంది, నేను సర్వపిండి గిన్నెకి అద్దుతాను, ఆపా ఇంట్లో రంజాన్ కానినాళ్ళలో మా గుత్తివంకాయ నడుస్తుంది. కానీ సరుకు మార్చమనండి, చూద్దాం. పప్పు ఏదైనా ఫరవాలేదు, అందులో పులుపు ఎక్కణ్ణించి రావాలో మాత్రం ఎవరి పట్టు వాళ్ళది. కేరళ ఆవిడ చేపలపులుసులో చింతపండు వెయ్యదు. నల్లగా, పొగచూరిన తోలుముక్కలా ఉండే కుడంపులి ఊరినించి తెప్పించుకుంటుంది, అది అయిపోతే చేప మానేస్తుంది. నేను ఎండాకాలం పప్పులో మామిడికాయ తప్ప ఇంకోటి ఒప్పుకోను. అక్క చింతచిగురు కోసం క్యాంపస్ చెట్లవైపు చూస్తూ నడుస్తుంది. కారం దగ్గరా ఇదే వరస. నాది గుంటూరు సన్నం. అక్కది వరంగల్ చపాటా, లావుగా టమాటాలా ఉంటుంది, రంగు ఎర్రగా దిగుతుంది, మంట తక్కువ. "నీ కారం నోరు కాలుస్తది, నా కారం కండ్లకు కనవడ్తది" అంటుంది. కాదనలేను.

బియ్యం సంగతి అయితే మరీ విచిత్రం. మేమందరం ఒప్పుకునే ఒకే ఒక సరుకు సన్నబియ్యం. బీపీటీ అని సంచీమీద రాసి ఉండే సాంబ మసూరి మా బాపట్లలో పుట్టింది, నేను తార్నాక వచ్చిన 1986లోనే విడుదలయింది. బాపట్ల మాకు కూతవేటు దూరం కాబట్టి "మా బియ్యం" అని చాలాకాలం డాంబికం పోయాను. దానికి ఒక జబ్బు ఉంది, ఎండాకు తెగులు. హబ్సిగూడ సీసీఎంబీ వాళ్ళూ, రాజేంద్రనగర్ వరి పరిశోధనవాళ్ళూ కలిసి, తెగులుని తట్టుకునే మూడు జన్యువుల్ని సంకరం చేసి చేసి ఆ సాంబ మసూరిలోకి తెచ్చారు. ఆ కొత్త రకం 2008లో బయటికి వచ్చింది. రుచి మారలేదు, గింజ మారలేదు. తర్వాత చూస్తే ఇంకో సుగుణం బయటపడింది. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే సూచిక ఆ బియ్యానికి 51 దగ్గరే ఉందట, బియ్యాల్లో అది తక్కువ లెక్క. ఆ మాట విన్నరోజు గట్టుమీద మా ఎనిమిదిమందిలో అయిదుగురు షుగరువాళ్ళు ఒక్కసారి నావైపు తిరిగారు, నేనే కనిపెట్టినట్టు. తక్కువన్నారు కదా అని రెండు ముద్దలు ఎక్కువ తింటే ఏ బియ్యమయినా ఒకటేనని మాలో పోషకాహార సంస్థ ల్యాబులో పనిచేసి రిటైరైన ఒకావిడ గసిరింది.

ఆవిడే మాకు ఎలుకల కథ చెప్పింది. మా పక్కనున్న పోషకాహార సంస్థ మొదట ఇక్కడ లేదు. 1918లో నీలగిరి కొండల్లో, కూనూరులో, మెకారిసన్ అనే దొర ఒక్క గదిలో పెట్టాడు. మరపట్టిన తెల్లబియ్యం తినేవాళ్ళకి వచ్చే బెరిబెరి జబ్బు సంగతి తేల్చడానికి. ఆయన ఎలుకల్ని గుంపులు చేసి, ఒక గుంపుకి సిక్కుల తిండి, ఒక గుంపుకి మద్రాసీల తిండి, అలా మన దేశంలో రకరకాల వాళ్ళు తినే భోజనాలు పెట్టి పెంచాడు. గోధుమరొట్టె, పాలు, వెన్న తిన్న సిక్కు ఎలుకలు దిట్టంగా పెరిగాయి. అన్నం తిన్న మద్రాసీ ఎలుకలు పీలగా మిగిలాయి. కథ అయ్యాక మాస్టారి భార్య చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "వాటికి ఆవకాయ పెట్టి ఉండరు" అంది.

1958లో ఆ సంస్థ కూనూరు దిగి మన తార్నాకకి వచ్చింది. ఇక్కడ దాని కళ్ళకి కనిపించినది జొన్న. అప్పట్లో దక్కన్ పల్లెల్లో కూలిజనానికి జొన్నే అన్నం. ఏడాదిలో కొన్ని నెలలు జొన్నరొట్టె, దానికి తోడు ఉప్పో మిరపకాయో, అంతే. వాళ్ళల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబారి పొలుసులు లేస్తుంది, మెడచుట్టూ హారం వేసినట్టు మచ్చ పడుతుంది. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువుండి, ఒంటికి కావలసిన ఒక బి విటమిన్‌ని అది అడ్డుకుంటోందని గోపాలన్, శ్రీకాంతయ్య అనే శాస్త్రవేత్తలు 1960లో ప్రకటించారు. ఆ వాదం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. మిగతా తిండి సరిగా ఉన్నవాళ్ళకి జొన్న ఏమీ చెయ్యదు, ఒట్టి జొన్నమీదే బతకాల్సిరావడం దగ్గరే వచ్చింది తంటా.

ఇవాళ సాయంత్రం ఏడింటికి మా రోడ్డు మలుపులో నిలబడి చూడండి. కర్రపొయ్యి, పెనం, ఒక తల్లీ కూతురూ. చేత్తో తట్టి వేసే జొన్నరొట్టెలకి కార్లు ఆగుతాయి. కారు దిగే పెద్దమనిషి తాత జొన్నరొట్టె తప్పించుకోవడానికే పట్నం వచ్చి ఉంటాడు. వరంగల్ అక్క ఆ వరసని చూసి నవ్వుతుంది. "మా నాయిన తెల్లన్నం తినుడంటె పండుగ అనుకుంటుండె, ఇప్పుడు నా కొడుకు రొట్టె కోసం లైన్ల నిలవడ్డడు." ఆమె ఇంట్లో మాత్రం రొట్టె రోజూ ఉంటుంది, రోజూ చేస్తుంది. వేణ్ణీళ్ళతో పిండి తడిపి, పీటమీద అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసుకుతుంది. అలా పిసక్కపోతే అంచులు చీలతాయి. నావి ఇప్పటికీ చీలతాయి.

క్యాంపస్ లైబ్రరీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు ఇంకోరకం వంటవాళ్ళు పరిచయం. విద్యార్థులు. హాస్టల్ మెస్సులో తినేవాళ్ళు కాదు, మాణికేశ్వర్ నగర్‌లో నలుగురు కలిసి గది తీసుకుని వండుకునేవాళ్ళు. ఊరినించి బియ్యం మూట, తొక్కు సీసా, ఒక చిన్న గ్యాస్ పొయ్యి. పోటీపరీక్షలకి చదువుతూ చదువుతూ వాళ్ళు మంచి వంటగాళ్ళు అయిపోతారు. వాళ్ళల్లో మహబూబ్‌నగర్ కుర్రాడొకడు మధ్యాహ్నం డబ్బా తెరిస్తే రీడింగు రూములో పేజీలు తిరగడం ఆగేది. ఒకసారి అడిగాను, ఏమిటయ్యా అది అని. "పచ్చిపులుసు మేడమ్. పొయ్యి ముట్టియ్యకుంట చేసేది. గ్యాస్ అయిపోతే మాకు ఇదే దిక్కు."

మా వైపు చారు కాగాలి. కాగకపోతే పచ్చివాసనని పారబోస్తాం. కాగని పులుసు పులుసెలా అవుతుందని వాదించాను. మర్నాడు వాడు ఒక స్టీలు గిన్నెతో వచ్చాడు. తర్వాత చాలాసార్లు వాడి పద్ధతిలోనే చేశాను కాబట్టి చెబుతాను. చింతపండు చన్నీళ్ళలో నానబెట్టి పిసికి పిప్పి తీసెయ్యాలి. రెండు పచ్చిమిరపకాయలు మంటమీద బొబ్బలెక్కేదాకా కాల్చాలి. గ్యాస్ లేనినాడు ఎండుమిరపకాయలు, వాటిని కాల్చడానికి అగ్గిపుల్లలు చాలు అన్నాడు వాడు, నేను నమ్మను. ఉల్లిగడ్డ సన్నగా తరిగి, ఉప్పూ జీలకర్రా కాల్చిన మిరపకాయా చేర్చి చేత్తో నలపాలి. ఇక్కడే ఉంది పని అంతా. నలుపుతుంటే ఉల్లి కరకరమంటుంది, కాసేపటికి మెత్తబడి నీరు ఒదులుతుంది, వేళ్ళ సందుల్లోకి కారం దిగి మండుతుంది. అప్పుడు ఆ పులుసు పోసి, కొత్తిమీర తుంచి వెయ్యాలి. వేయించిన నువ్వులు దంచి చల్లేవాళ్ళూ ఉన్నారు, చిటికెడు బెల్లం వేసేవాళ్ళూ ఉన్నారు. వేడివేడి పెసరపప్పు కిచిడీమీద ఆ చల్లటి పులుసు పోసుకుని తింటుంటే, ముప్ఫై ఏళ్ళుగా చారు ఎందుకు కాచానా అనిపించింది. ఆ మాట మా అత్తగారు బతికుండగా అనలేదు.

ఈ పులుసు గురించి ఆపాకి చెబితే ఆశ్చర్యపోలేదు. వాళ్ళకి కిచిడీ, ఖీమా, ఖట్టా అని పొద్దుటి ఫలహారం ఉంది. ఆ ఖట్టా అంటే చింతపండూ నువ్వులూ కలిసిన పులుసే, దాదాపు మా కుర్రాడి గిన్నెలోదే. ఆవిడ చేసే ఖట్టీ దాల్ మన పప్పుచారుకి అన్నగారు, కాస్త చిక్కన. లక్నో వంటకీ హైదరాబాద్ వంటకీ తేడా ఏమిటంటే మాది ఇమ్లీ అంటుంది ఆపా గర్వంగా. ఆ చింతపండుకి అరబ్బులు పెట్టిన పేరు తమర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం. ఇంగ్లీషువాడి టామరిండ్ దాన్నించే పుట్టింది. మనదేశం పేరు పెట్టుకు తిరుగుతున్న ఈ చెట్టు నిజానికి ఆఫ్రికాది. ఎప్పుడో వచ్చి మనదైపోయింది. తార్నాకలో స్థిరపడ్డ మా అందరిలాగే అనబోయాను గానీ, మేం నలభై ఏళ్ళకే సొంత ఊళ్ళ పేర్లు చెప్పి పోట్లాడుకుంటున్నాం.

కొత్త చింతపండు మాఘఫాల్గుణాల్లో వస్తుంది. అప్పుడే ఏడాదికి సరిపడా కొనాలి, ఎండబెట్టాలి, పెంకూ ఈనెలూ గింజా తీసి, ఉప్పు కలిపి జాడీలో కుక్కాలి. కొత్తది ఎర్రగా మెత్తగా ఉంటుంది, ఏడాది దాటితే నల్లబడుతుంది. మాస్టారి భార్యకి నల్లదే కావాలి, కొత్తది గొంతు పట్టుకుంటుందట. మా డాబామీద ఎండాకాలం మధ్యాహ్నాలు నలుగురం కూర్చుని గింజ తీసేవాళ్ళం. పిల్లలు ఆ గింజలు ఏరుకుపోయి అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. ఇప్పుడు పిల్లలు అమెరికాలో ఉన్నారు, గింజ తీసిన చింతపండు ప్యాకెట్లో వస్తోంది. కానీ ప్యాకెట్ చింతపండులో ఎప్పుడూ ఒక్క గింజ ఉంటుంది, అది సరిగ్గా మావారి పంటికిందకే వస్తుంది.

ఇంతకీ చెప్పొచ్చేది ఏమిటంటే, పోయిన సంక్రాంతి తర్వాత మా అమ్మాయి అమెరికా నించి ఫోను చేసింది. పులిహోర ఎలా చెయ్యాలి అని. చెప్పాను. మూడు గ్లాసుల బియ్యానికి పెద్ద నిమ్మకాయంత చింతపండు. "అమ్మా, నిమ్మకాయంత అంటే ఎన్ని గ్రాములు?" అంది. అక్కడి నిమ్మకాయలు కోడిగుడ్డంత ఉంటాయట. ఆ నిమ్మకాయ కాదే, మన నిమ్మకాయ అన్నాను. "గ్రాముల్లో చెప్పు" అంది. తార్నాకలో పుట్టిపెరిగిన పిల్ల అలాగే అడుగుతుంది.

నా దగ్గర తూకం ఉంది. షుగరు వచ్చాక పిండి తూచుకోమని డాక్టరు చెబితే కొన్నది, అరచేతంత, నంబర్లు వెలుగుతాయి. ఆ సాయంత్రం వరంగల్ అక్కనీ మాస్టారి భార్యనీ పిలిచి, జాడీ ముందు పెట్టి, మీమీ నిమ్మకాయంత తియ్యండి అన్నాను. ఎవరూ నవ్వలేదు, పరీక్షలా తీసుకున్నారు. నేను మూడువేళ్ళతో లాగి, ఈనె తీసి, గుండ్రంగా చేసి పెట్టాను. 34. అక్క తను ఇంటినించి తెచ్చుకున్న చింతపండు అరచేతిలో వేసి ఒకసారి ఎగరేసింది, అది ఆమె కొలత. 41. మాస్టారి భార్య తన నల్ల చింతపండుని గిల్లినట్టు తీసి పెట్టింది. 22.

ముగ్గురం ఆ అంకెల్నే చూస్తూ నిలబడ్డాం. ఇన్నేళ్ళుగా ఒకళ్ళకొకళ్ళు నిమ్మకాయంత అని చెప్పుకుంటూనే ఉన్నాం. నేను చెప్పినట్టు చేస్తే అక్క పులుసు ఎందుకు పళ్ళు పులిసిపోయేలా వచ్చేదో, ఆమె చెప్పినట్టు చేస్తే నాది ఎందుకు ఆ రుచి రాలేదో తెలిసిందనుకున్నాం. మళ్ళీ తూచాం. అక్క ముద్దని విప్పితే గింజలు పళ్ళెంలో టంగుమని పడ్డాయి. ఆమె నానేసినప్పుడే గింజ తీస్తుంది, ముందు తియ్యదు. గింజలు పోయాక ఆమెది 33, నాదానికి ఒక్క గ్రాము తక్కువ. "జూసినవా, నా చెయ్యి మంచిదే" అంది అక్క. మాస్టారి భార్య మాత్రం తన 22కి ఒక్క గ్రాము కూడా కలపనంది. పాతచింతపండుకి అదే చాలని, దానిమీద బెల్లం పడుతుందని, నోట్లో వేసుకున్నాకే మాట్లాడమని.

ఈ తూకాల గొడవ మా ల్యాబు ఆవిడకి మర్నాడు గట్టుమీద చెప్పాను. వాళ్ళ కష్టం కూడా అదేనట. భారతీయ ఆహారపదార్థాల్లో ఏది ఎంత అని 1937లో అయిక్రాయిడ్ అనే దొర కాలంలో మొదలుపెట్టిన పట్టికలు, 2017కి వచ్చేసరికి 528 పదార్థాలయ్యాయి. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క పదార్థం నమూనాలు తెప్పించి కొలిచారు. వంద గ్రాముల చింతపండులో ఏముందో ఆ పుస్తకం చెబుతుంది. కానీ మన ఇంట్లో ఎవరూ వంద గ్రాముల చింతపండు తినరు, నిమ్మకాయంతో ఉసిరికాయంతో తింటారు. అందుకే గిన్నెలు పరిచి అడగాల్సి వచ్చింది. గరిటెడు అంటే ఏ గరిటె, చారెడు అంటే ఎవరి చెయ్యి.

చింతపండు మీదే వాళ్ళు ఒక ప్రయోగం చేశారు కూడా. నల్గొండ నీళ్ళల్లో ఫ్లోరైడ్ గురించి మీకు చెప్పక్కర్లేదు, ఎముకలు వంకరపోయిన ఊళ్ళు ఉన్నాయి. కొందరు మగపిల్లలకి మధ్యాహ్నం భోజనంతో రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి, మూత్రం పరీక్షిస్తే, ఒంట్లోంచి ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నట్టు తేలింది. 2002లో అచ్చయింది. నీళ్ళు శుభ్రం చేసుకోవడానికి అది బదులు కాదని ల్యాబు ఆవిడ ముందే హెచ్చరించింది. అయినా వరంగల్ అక్క ఆ అంకెనే పట్టుకుంది. "10 గ్రాములా? గంతేనా? మా ఇంట్ల మనిషికి గంత పడనే పడ్తది" అంది. నేను మనసులో లెక్క వేశాను. 33 గ్రాములు, నలుగురు. నిజమే, కొంచెం తక్కువ.

ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదని కూడా ఆవిడ ఆరోజే చెప్పింది. దానిమీద ఎవరూ ఏమీ అనలేదు. అందరికీ ఇంట్లో ఆవకాయ జాడీ గుర్తొచ్చి ఉంటుంది.

అమ్మాయికి 34 గ్రాములని మెసేజి పెట్టాను. ఇంత కచ్చితంగా నా జన్మలో ఏ కొలతా చెప్పలేదు. రెండు రోజులకి వీడియో కాల్ చేసింది. పులిహోర నల్లగా ఉంది, తార్రోడ్డులా. "నువ్వు చెప్పినట్టే 34 గ్రాములు వేశానమ్మా. నోట్లో పెట్టలేకపోతున్నాం."

"ఏ చింతపండు వేశావు?" అన్నాను.

ఫోను తిప్పి చూపించింది. చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో తారులాంటి నల్లటి గుజ్జు. ఇండియన్ స్టోర్లో దొరికేది అదేనట. చెట్టు, పెంకు, ఈనె, గింజ ఏమీ లేని చింతపండు. చెంచాడు నాకితే నాలిక పగులుతుంది. వెనకనించి వరంగల్ అక్క తొంగిచూసి, "బిడ్డా, గది మన కడాయిల పోసేది కాదు, రోడ్డు మీద పోసేది" అంది.

కాసేపు ఆలోచించి చెప్పాను. "చిటికెనవేలి గోరంత వెయ్యి, చాలు."

అటువైపు నిశ్శబ్దం. తర్వాత దాని ప్రశ్న.

"ఎవరి గోరమ్మా? నీదా, అక్క పెద్దమ్మదా?"

తూకం తెచ్చి వేలు పెట్టి చూశాను గానీ, గోరు ఒక్కటే తూగదు కదా. ఇంకా తేల్లేదు. తేలినరోజు మీకూ చెబుతాను.